'ఫోర్‌ట్వంటీ' అంటే అసలు ఎవరు? ఈ మాట ఎక్కడ పుట్టింది?

వానచినుకు (మియాపూర్):
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లుగా ఒకటే గొడవ. లిఫ్ట్ రిపేరుకని అడ్వాన్స్ తీసుకున్న కాంట్రాక్టరు సగం పని చేసి ఆపేశాడు. ఒకాయన అతన్ని 'ఫోర్‌ట్వంటీగాడు' అని రాశారు. ఇంకొకాయన 'పని ఆలస్యమైతే ఫోర్‌ట్వంటీ ఎట్లవుతాడు, అర్థం తెలిసి రాయండి' అన్నారు. అప్పటి నుంచి లిఫ్ట్ సంగతి పక్కకు పోయి ఈ మాట మీదే వాదన నడుస్తోంది. అందుకే అడుగుతున్నాను. ఈ మాట పుట్టుక ఏమిటి? మోసగాడు, దగాకోరు, టక్కరి అన్నా ఇదే అర్థమా, తేడా ఉందా? కొత్త చట్టాలు వచ్చాక 420 నంబరే లేదంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నాంపల్లి_వకీలు:
వానచినుకు గారూ, ఇది చట్టం నుంచి వీధిలోకి వచ్చిన మాట. మెకాలే ఆధ్వర్యంలో 1837లో ముసాయిదా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ శిక్షాస్మృతిలో 420వ సెక్షన్ ఉంది. అందులో 415వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెబుతుంది. 417 మామూలు మోసానికి శిక్ష, ఏడాది వరకు జైలు. 419 ఇంకొకరి వేషంలో మోసం చేసినవాడికి. 420 వీటన్నిటికన్నా బరువైనది. ఎదుటివాడిని మోసపుచ్చి, దురుద్దేశంతో, అతని చేత ఆస్తి ఇప్పించుకోవడమో, విలువైన పత్రం రాయించుకోవడమో చేస్తే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా.

ఇందులో గమనించాల్సింది 'ఇప్పించుకోవడం'. దొంగ మనకు తెలియకుండా తీసుకుపోతాడు. దోపిడీదారు బెదిరించి లాక్కుంటాడు. ఫోర్‌ట్వంటీకి మాత్రం మనమే చేతులారా ఇస్తాం, సంతకం కూడా పెడతాం. నా దగ్గరకు వచ్చే బాధితులు పోయిన డబ్బు కన్నా ఈ సంగతికే ఎక్కువ కుమిలిపోతారు. 'నేనే ఇచ్చాను సార్' అంటారు. ఫిర్యాదు ఇవ్వడానికి సిగ్గుపడి ఆలస్యం చేసేది కూడా అందుకే.

చాదర్‌ఘాట్_చాయ్:
అన్నా, ఇంటర్నెట్‌లో 420 అని కొడితే గంజాయి అని వస్తోంది. రెండూ ఒకటేనా?

నాంపల్లి_వకీలు:
కాదు తమ్ముడూ. అది అమెరికా సంగతి. 1971లో కాలిఫోర్నియాలో శాన్ రఫేల్ హైస్కూల్ కుర్రాళ్లు కొందరు సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు కలుసుకునేవారు. ఆ టైము గంజాయికి గుర్తుగా మారింది. మన 420కి దానికి సంబంధం లేదు. మన నంబరు అంతకు వందేళ్ల ముందే చట్టంలో ఉంది.

మలక్‌పేట_మాస్టారు:
మాటల సంగతి నేను చెబుతాను. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన వాడిని కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

'మోసం' మనకు సంస్కృత, ప్రాకృతాల వైపు నుంచి వచ్చింది. ఇది ఎలా వచ్చిందో రెండు దారుల్లో చెప్పవచ్చు. ఒకటి, 'ముష్' అనే ధాతువు. దానికి దొంగిలించడం అని అర్థం. 'మోషం' అంటే దొంగతనం, 'మూషికం' అంటే దొంగిలించేది. రెండోది 'మృషా', అంటే అబద్ధంగా. ఇదే పాళీలో 'ముసా' అయింది. బౌద్ధుల పంచశీలంలో 'ముసావాదా వేరమణీ' అన్నది అబద్ధం ఆడనని చెప్పే ప్రతిజ్ఞ. జైనుల ప్రాకృతంలో 'మోస' అన్న రూపమే ఉంది, అర్థం అబద్ధం. నా మొగ్గు రెండో దారి వైపు. మనం మోసం అన్నప్పుడు మనసులో మెదిలేది వస్తువు పోవడం కన్నా మాట తప్పుగా నమ్మించడం. 'ప్రేమ పేరుతో మోసం చేశాడు' అంటాం. అందులో డబ్బు ఉండనక్కర్లేదు. అందుకే మోసగాడు పెద్ద గంప, ఫోర్‌ట్వంటీ ఆ గంపలో ఒక కాయ.

'టక్కరి' వేరు. టక్కు అంటే జిత్తు. 'టక్కు టమార గజకర్ణ గోకర్ణ విద్యలు' అని మన పెద్దలు ఊపిరి ఆపకుండా అనేవారు. టక్కరి అనడంలో కొంచెం మెచ్చుకోలు కూడా కలుస్తుంది. పిల్లవాడిని ముద్దుగా 'టక్కరివాడు' అంటాం. ముద్దుకు కూడా ఎవరూ బిడ్డను మోసగాడు అనరు. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులోనూ ఈ మాట కనిపిస్తుంది.

ఇక శఠగోపం. గుడిలో పూజారి మన తల మీద పెట్టే, స్వామి పాదాలున్న ఆ లోహపు కిరీటం. ఆ పేరు వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ నుంచి వచ్చింది, ఆయనకే శఠకోపుడు అని పేరు. సంస్కృతంలో 'శఠుడు' అంటే వంచకుడు. తల వంచుకుని నిలబడితే ఎవరో పైన ఏదో పెట్టిపోవడం మనవాళ్లకు మోసానికి సరిగ్గా అతికింది. పంగనామం పెట్టడం, ఎగనామం పెట్టడం కూడా ఈ వరుసలోవే. మోసపోయినవాడి నుదురు, తల చుట్టూనే మన నుడికారాలన్నీ తిరిగాయి.

పతంగ్‌బాజ్ (పత్తర్‌గట్టి):
సలాం మాస్టారూ. మా వైపు మాటలు నేను కలుపుతా. హైదరాబాద్‌లో 'చార్ సౌ బీస్' అనే అంటాం, తెలుగు మాట్లాడేటప్పుడు కూడా. దగా, ధోకా రెండూ మా నోట రోజూ ఉంటాయి. దగా ఫార్సీ మాట. 'బాజ్' అంటే ఫార్సీలో ఆడేవాడు. గాలిపటాలు ఎగరేసేవాడు పతంగ్‌బాజ్, దగా చేసేవాడు దగాబాజ్, ధోకా చేసేవాడు ధోకేబాజ్.

'ఖోర్' అంటే తినేవాడు. దగాఖోర్ తెలుగులో దగాకోరు అయింది. చాడీలు చెప్పేవాణ్ణి ఉర్దూలో చుగల్‌ఖోర్ అంటారు, తెలుగులో చాడీకోరు.

బద్మాష్ సంగతి కూడా చెప్తా. బద్ అంటే చెడ్డ, మాష్ అంటే బతుకుతెరువు. చెడ్డ దారిన పొట్ట పోసుకునేవాడు అని అసలు అర్థం. నిజాం కాలపు భూముల కాగితాల్లో 'మదద్-ఎ-మాష్' అని ఉంటుంది, జీవనానికి సాయంగా ఇచ్చిన భూమి. అందులో మాష్, బద్మాష్‌లో మాష్ ఒక్కటే.

మలక్‌పేట_మాస్టారు:
పతంగ్‌బాజ్ గారూ, చాలా బాగుంది. దగాకోరు విషయంలో ఒక్క మాట. ఫార్సీ 'ఖోర్' తెలుగులోకి వచ్చాక మన 'కోరు' క్రియతో కలిసిపోయింది. దగాను కోరేవాడు అనే తెలుగువాడు వింటాడు. అందుకే 'అబద్ధాలకోరు' అని కొత్తగా అల్లుకోగలిగాం. అందులో మొదటి సగంలో ఫార్సీ ఏమీ లేదు.

ఏలూరు_టు_ఎల్బీనగర్:
మా కృష్ణా, గోదావరి జిల్లాల్లో 'ఐపీ పెట్టాడు' అనే మాట చాలా ఎక్కువండి. 1920 దివాలా చట్టం కింద కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్ అది. చట్టప్రకారం అది తప్పు కాదు, అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవడం. కానీ ఊళ్లో 'వాడు ఐపీ పెట్టాడు' అంటే అందరినీ ముంచాడనే అర్థం. ఇక్కడ హైదరాబాద్‌కి వచ్చాక 'బోర్డు తిప్పేశారు' అనేది ఎక్కువ విన్నాను. రాత్రికి రాత్రి ఆఫీసు ఖాళీ చేసి పోయినవాళ్ల గురించి. పేపర్లో హెడ్డింగులు చూడండి, కుచ్చుటోపీ, టోకరా, బురిడీ, ఇవి లేని రోజు ఉండదు.

ఇంకోటి, కేడీ. 'వాడు పెద్ద కేడీ' అంటాం కదా. అదీ పోలీసు మాటే. మద్రాసు రాజధాని పోలీసు రికార్డుల్లో పాత నేరస్తుల్ని 'నోన్ డెప్రిడేటర్' అని రాసి, పొట్టిగా కె.డి. అనేవారు. అంటే ఫోర్‌ట్వంటీ చట్టం నుంచి వస్తే, కేడీ స్టేషన్ రిజిస్టర్ నుంచి వచ్చింది.

మెట్టుగూడ_క్వార్టర్స్:
నేను పెరిగింది అరక్కోణంలో. తమిళంలో 'కేడు' అంటే కీడు, నాశనం. కీడు చేసేవాడు కేడి. ఇంగ్లీషు అక్షరాల దాకా ఎందుకు వెళ్లడం?

మలక్‌పేట_మాస్టారు:
తమిళంలో ఆ రెండూ కలిసి ఉండవచ్చు అమ్మా, ఆ చెవికి అలాగే వినిపిస్తుంది. తెలుగుకు మాత్రం కుదరదు. తమిళ 'కెడు'కు తెలుగులో సరిజోడు 'చెడు'. తమిళ 'కేడు'కు మన 'చేటు'. ఆ మాట మనలో సొంతంగా పుట్టి ఉంటే చకారంతో ఉండాలి. కేడీ అని కకారంతో ఉందంటే బయటి నుంచి తయారై వచ్చిందన్నమాట. ఏలూరు గారు చెప్పిన పోలీసు దారి తెలుగు వరకు నాకు బలంగా కనిపిస్తోంది.

వరంగల్_వెంకన్న (ఉప్పల్):
మా దిక్కు 'లంగ' అంటరు. 'దొంగలు, లంగలు' అని జంటగ వస్తది. దొంగ అంటే వస్తువు పట్టుకపోయెటోడు. లంగ అంటే మాట మీద నిలబడనోడు, లోపల ఒకటి బయట ఒకటి. ఫోర్‌ట్వంటీకి మా పల్లెల దగ్గర మాట ఇదే. మాస్టారు చెప్పిన లిస్టుల తెలంగాణ మాట లేదని రాస్తున్న.

పాతసామాను (కోఠి):
ఠగ్ గురించి ఎవరూ రాయలేదే. సంస్కృతంలో 'స్థగ్' అంటే కప్పిపుచ్చడం, దాని నుంచే ఠగ్ వచ్చింది. దాచేవాడు, వంచకుడు అని అర్థం. 19వ శతాబ్దంలో దారిన పోయే బాటసారులతో స్నేహం నటించి, నమ్మించి, రుమాలు బిగించి చంపే ముఠాలకు ఆ పేరు స్థిరపడింది. ఈస్టిండియా కంపెనీ అధికారి స్లీమన్ వాళ్ల వెంటపడ్డారు. 1836లో ప్రత్యేక చట్టం తెచ్చారు. నిజాం సైన్యంలో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వాళ్ల మీద నవల రాశాక ఇంగ్లండ్ అంతా ఆ మాట పాకింది. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ మాటకు రౌడీ అని అర్థం. హిందీ, ఉర్దూలో ఇప్పటికీ మోసగాడే. ప్రయాణం చేసిన మాట నమ్మించడాన్ని వదిలేసి కొట్టడాన్ని పట్టుకుంది. నమ్మించడం అన్న భాగం ఇంగ్లీషులో వేరే మాటకు దక్కింది. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే అతను పెద్దమనుషులతో మాట కలిపి, 'నా మీద నమ్మకం ఉంటే మీ వాచీ రేపటిదాకా ఇవ్వండి' అని అడిగి పట్టుకుపోయేవాడు. పత్రికలు అతన్ని 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అన్నాయి. అదే ఇవాళ్టి కాన్‌మ్యాన్.

సాయంత్రం_మల్లి:
ఇదంతా చదువుతుంటే నా మనసులో ఉన్నది రాయాలనిపించింది. మా నాన్న మా కాలనీలో చీటీలు నడిపేవారు. ముందు పాట పాడుకున్నవాళ్లలో కొందరు డబ్బు తీసుకుని తర్వాత కట్టడం మానేశారు. మిగతావాళ్లకు ఇవ్వాల్సింది నాన్న మీద పడింది. ఆయన పారిపోలేదు, ఫోన్ ఆపేయలేదు. ఊళ్లో పొలం, తర్వాత మేమున్న ఇల్లు అమ్మి కొంచెం కొంచెంగా కట్టారు. అయినా మా గేటు ముందు నిలబడి 'ఫోర్‌ట్వంటీ' అని అరిచారు. నేను అప్పుడు ఇంటర్. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. వకీలు గారూ, మీరు రాసిన అర్థం ప్రకారం మా నాన్న ఆ మాటకు తగినవారేనా?

నాంపల్లి_వకీలు:
కాదమ్మా. సూటిగా చెబుతున్నాను, కాదు.

మోసం కేసు నిలవాలంటే డబ్బు తీసుకున్న క్షణంలోనే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉండాలి. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇదే చెప్పింది. తర్వాత మాట నిలబెట్టుకోలేకపోయినంత మాత్రాన, మొదట్లోనే మోసబుద్ధి ఉందని అనుకోకూడదంది. ఇస్తానన్నది ఇవ్వలేకపోవడం సివిల్ కోర్టు విషయం. మీ నాన్నగారిది అదే. ఇల్లు అమ్మి కట్టినవాడికి మొదట్లో దురుద్దేశం ఉందని ఏ కోర్టులో నిరూపిస్తారు?

ఒక్కటి మాత్రం ఇది చదివే మిగతావాళ్ల కోసం రాయాలి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా చీటీలు నడపడం విడిగా నేరం. అది మోసం కాదు, 420 కాదు, కానీ నేరమే. కాలనీల్లో ఇప్పటికీ చాలామంది మంచి మనసుతో నడుపుతున్నారు, ఆ రిస్కు తెలుసుకోవాలి.

గచ్చిబౌలి_ఈఎంఐ:
మల్లి గారి నాన్నగారి మీద నాకు గౌరవమే. కానీ వకీలు గారూ, 'ఉద్దేశం లేదు' అని అందరూ అనేదే కదా? మేము ప్రీలాంచ్ ఫ్లాటుకని దాచుకున్నదంతా కట్టాం. ఏళ్లు గడిచినా అక్కడ ఖాళీ స్థలమే. అడిగితే 'మార్కెట్ బాగాలేదు, మా ఉద్దేశం మంచిదే' అంటారు. అలాంటి వాళ్లను కూడా పాపం చితికిపోయారు అనుకోవాలా? మాకు ఈఎంఐ, అద్దె రెండూ కట్టడం టెన్షన్. ఆ బాధలో ఫోర్‌ట్వంటీ అన్న మాట తప్ప నోటికి ఇంకేం వస్తుంది?

మోడరేటర్:
మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు రాయకుండా ఇలాగే కొనసాగించండి.

నాంపల్లి_వకీలు:
ఈఎంఐ గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఉద్దేశం మనసులో ఉంటుంది, కానీ కాగితాల మీద జాడ వదులుతుంది. డబ్బు తీసుకున్న రోజు వాళ్లకు ఏం తెలుసు అన్నదే చూడాలి. స్థలం వాళ్ల పేరున ఉందా? ఒకే ఫ్లాటు ఇద్దరు ముగ్గురికి రాశారా? ఇళ్ల ప్రాజెక్టుల అమ్మకాలను నియంత్రించే 2016 రెరా చట్టం ప్రకారం ముందు రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. 'అనుమతులన్నీ వచ్చేశాయి' అని బ్రోచర్‌లో వేసి, ఆ రోజుకి ఒక్కటీ లేకపోతే, ఆ బ్రోచరే మీ సాక్ష్యం. మీరిచ్చిన డబ్బు ఆ ప్రాజెక్టు ఖాతాకి వెళ్లిందా, వేరే వాటికి పోయిందా? ఇవన్నీ మొదటి రోజు బుద్ధిని చూపిస్తాయి. ఇలాంటివి దొరికితే అది చితికిపోవడం కాదు, ఫోర్‌ట్వంటీయే. రసీదులు, చాట్‌లు, బ్రోచర్ ఏదీ పారేయకండి.

ఇంకో తేడా. నమ్మి అప్పగించిన సొమ్మును మధ్యలో దారి మళ్లించడం నమ్మకద్రోహం, పాత 406. మొదటి నుంచే అబద్ధం చెప్పి రాబట్టడం 420. రెండూ ఒకే సొమ్ము మీద ఒకేసారి పొసగవని సుప్రీంకోర్టు 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో మళ్లీ గుర్తుచేసింది. స్టేషన్లలో 406, 420 జంటగా రాసేయడం అలవాటైపోయింది, అది కేసును బలహీనం చేస్తుంది.

పాతసామాను (కోఠి):
ఒక చరిత్ర ముక్క. నిజాం రాజ్యానికి సొంత శిక్షాస్మృతి ఉండేది, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. 1951లో పార్ట్-బి రాష్ట్రాల (అంటే విలీనమైన పాత సంస్థానాల) చట్టంతోనే భారతీయ శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. అంటే పాత హైదరాబాద్ కోర్టుల్లో 420కి ఆ అర్థం లేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్, మా సుల్తాన్ బజార్ ఉన్న రెసిడెన్సీ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేవి కాబట్టి అటునుంచి మాట వినబడి ఉండాలన్నది నా ఊహ. ఆ తర్వాత 1955లో వచ్చిన రాజ్ కపూర్ 'శ్రీ 420' సినిమా పేరు దేశమంతా ఈ నంబర్ని ఇంటింటికీ చేర్చింది.

ఆ చట్టాన్ని 'తాజీరాత్-ఎ-హింద్' పేరుతో ఉర్దూలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు నజీర్ అహ్మద్. ఆయనే తర్వాత సాలార్ జంగ్ కాలంలో నిజాం కొలువులో పనిచేశారు. సెక్షన్‌ని ఉర్దూలో 'దఫా' అంటారు. 'ఈ దఫా వానలు బాగున్నాయి' అని మనం తెలుగులో అనే దఫా కూడా అదే మాట.

పతంగ్‌బాజ్ (పత్తర్‌గట్టి):
పాతసామాను భాయ్, పాకిస్తాన్‌లో ఉన్న మా చుట్టాలు కూడా చార్ సౌ బీస్ అనే అంటారు. వాళ్ల చట్టంలో ఇప్పటికీ అదే నంబరు.

నాంపల్లి_వకీలు:
అవును, బంగ్లాదేశ్, మయన్మార్‌లలోనూ అదే. అందరికీ ఒకే 1860 చట్టం మూలం. మన దగ్గరే నంబరు మారింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 420 ఇప్పుడు 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్. శిక్ష అదే, ఏడేళ్ల వరకు.

చాదర్‌ఘాట్_చాయ్:
అయితే ఇకనుంచి 'వాడు త్రీ ఎయిటీన్' అనాలా అన్నా?

మలక్‌పేట_మాస్టారు:
చట్టం మారితే నోరు వెంటనే మారదు బాబూ. 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది. అయినా 'ఊళ్లో 144 పెట్టారు' అనే అంటున్నాం. పైగా ఫోర్‌ట్వంటీ ఇప్పుడు నంబరు కాదు, పేరు. 'ఫోర్‌ట్వంటీగాడు', 'ఫోర్‌ట్వంటీ పనులు', 'ఫోర్‌ట్వంటీ వేషాలు' అని తెలుగు ప్రత్యయాలన్నీ తగిలించేసుకుంది. తెలుగులోకి వచ్చి కాపురం పెట్టిన మాటను గెజిట్ ఎలా పంపిస్తుంది?

సాయంత్రం_మల్లి:
వకీలు గారూ, మీ జవాబు ప్రింట్ తీసి నాన్నకు చదివి వినిపించాను. ఆయన 'దస్తగిరికి ఇంకా బాకీ ఉంది, అది కట్టాలి' అన్నారు, అంతే. మీకు నమస్కారం.

వానచినుకు (మియాపూర్):
అందరికీ ధన్యవాదాలు. మల్లి గారూ, మీ నాన్నగారికి మా నమస్కారాలు చెప్పండి. మా గ్రూపులో ఇలా రాయబోతున్నాను. కాంట్రాక్టరు సగం పని చేశాడు, సామాను మన సెల్లార్‌లోనే ఉంది, ఫోన్ ఎత్తుతున్నాడు. కాబట్టి ఫోర్‌ట్వంటీ అన్న మాట వెనక్కి తీసుకోవాలి. అడ్వాన్స్ లెక్క, మిగిలిన పనికి గడువు రాసి ముందు నోటీసు పంపుదాం. వకీలు గారూ, ఒక్క చివరి సందేహం. మా బాబాయి 2022లో ఉద్యోగం ఇప్పిస్తామన్నవాళ్లకు డబ్బు కట్టి మోసపోయారు, ఇప్పుడు ఫిర్యాదు ఇద్దామనుకుంటున్నారు. దానికి కొత్త నంబరు పడుతుందా?

నాంపల్లి_వకీలు:
నోటీసు సరైన పనే. మీ బాబాయి గారి విషయంలో నేరం జరిగిన తేదీ ముఖ్యం, ఫిర్యాదు ఇచ్చే తేదీ కాదు. 2024 జులై 1కి ముందు జరిగింది కాబట్టి పాత శిక్షాస్మృతి కిందే, 420 గానే నమోదవుతుంది. డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, వాళ్లిచ్చిన ఆఫర్ లెటర్, మెసేజ్‌లు తీసుకుని ఇక ఆలస్యం చేయకుండా స్టేషన్‌కి వెళ్లమనండి. ఇప్పుడే ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చెబితే ఆ సొమ్మును ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది.